హగ్గయి ప్రవక్త, మా ఇంటి సీలింగు

హగ్గయి ప్రవక్తకు యెరూషలేము జనాన్ని కదిలించడానికి మూడు వారాలు దాటింది. నాకు పావుగంట చాలింది.

ఒక ఆదివారం గుడిలో లేచి నిలబడి ఆ ప్రవక్త పుస్తకం నేను చదువుతుంటే సంఘమంతా వెక్కి వెక్కి ఏడ్చింది. మగవాళ్ళు ప్యాంట్లు మోకాళ్ళదాకా మడిచారు. ఆడవాళ్ళు కొంగులు బిగించారు. ఆ వానాకాలం పోకముందే మా గుడికి కొత్త కప్పు పడింది. ఆ కప్పుకు వేసిన రేకులు కూడా మా ఇంటివే. నా భుజం మీద నేనే మోసుకెళ్ళి ఇచ్చాను.

ఈ ముచ్చట నేను చాలామందికి చెప్పాను. పెళ్ళిళ్ళలో చెప్పాను, కాజీపేట స్టేషన్లో రైలు ఆలస్యమైనప్పుడు చెప్పాను. కంటి దవాఖానలో మరీ వివరంగా చెప్పాను. కళ్ళల్లో చుక్కలు వేసి కూర్చోబెట్టిన మనిషి లేచి పారిపోలేడు కదా.

నోటితో చెప్పేటప్పుడు ఎదుటివాడి ముఖం చూసుకుంటూ పెంచుకుంటూ పోవచ్చు. కాగితానికి ముఖం లేదు. అందుకని ఇక్కడ కొంచెం తగ్గి రాస్తాను. ముందుగా ఒకటి రెండు దిద్దుకుంటాను. అది ఆదివారం కాదు, శనివారం. చదివింది గుడిలో కాదు, మా ఇంట్లో. సంఘమంతా లేదు, మా ఇంటి హాలులో పట్టినంతమంది ఉన్నారు. కళ్ళనీళ్ళు వచ్చిన మాట మాత్రం నిజం. ఎందుకొచ్చాయో ముందు ముందు తెలుస్తుంది.

హగ్గయి ఎవరో తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. బైబిల్లో పాత నిబంధన చివర పన్నెండుమంది చిన్న ప్రవక్తలు ఉంటారు. చిన్న అంటే వయసులో కాదు, పుస్తకాల పొడుగులో. హగ్గయిది రెండే అధ్యాయాలు. నా బైబిల్లో ఒకే ఒక ఆకు, అటూ ఇటూ. ఆ ఆకు పక్క ఆకుకు అంటుకుందంటే ప్రవక్త మొత్తానికే మాయం. పైగా ముందు జెఫన్యా, వెనక జెకర్యా. ఇద్దరి మధ్య ఈయన, ముగ్గురు కూర్చునే బస్సు సీట్లో మధ్యవాడిలా ఇరుక్కుని ఉంటాడు.

ఆయన కథ ఇది. బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులు తిరిగి సొంత ఊరికి వచ్చారు. దేవుని మందిరం పాడుబడి ఉంది. పునాది వేశారు, ఆపేశారు. ఎవరినడిగినా "ఇంకా సమయం రాలేదు" అనేవాళ్ళు. సమయం రానిది మందిరానికే. సొంత ఇళ్ళు మాత్రం చక్కగా లేచాయి. అప్పుడు హగ్గయి వచ్చి మందలించాడు. మీరు విత్తేది బోలెడు, ఇంటికొచ్చేది కొంచెం. తింటారు గానీ కడుపు నిండదు, కప్పుకుంటారు గానీ చలి పోదు, కూలి డబ్బులు చిల్లు సంచిలో పోసుకుంటున్నారు, ఎందుకో ఆలోచించుకోండి అన్నాడు. జనం ఆలోచించుకున్నారు. లేచి కట్టారు. అంతే కథ.

నాకు ఈయన నచ్చేది ఇక్కడే. మిగతా ప్రవక్తల పాట్లు చూడండి. ఒకాయనను బురద గోతిలో దించారు. ఒకాయన రాణికి భయపడి అడవి పట్టాడు. ఒకాయన చేప కడుపులో పడ్డాడు. ఈయన చెప్పాడు, వాళ్ళు విన్నారు. ఇన్నేళ్ళ సంసారంలో నాకు అలాంటి అనుభవం ఒక్కసారీ కలగలేదు. ఈయన అప్పటికే బాగా ముసలివాడని కొందరు పండితులు అంటారు. పాత మందిరాన్ని దాని వైభవంతో చూసినవాళ్ళు మీలో ఎవరున్నారని, తాను చూసినవాడిలాగే అడుగుతాడట. ఆ పండితులను నేను గట్టిగా బలపరుస్తాను.

ఇక మా ఇంటికి వద్దాం. వరంగల్ మట్టెవాడలో మాది పాత పెంకుటిల్లు. దూలాల మీద వెదురు, వెదురు మీద గూనపెంకలు. పైనుంచి ఎప్పుడూ ఏదో ఒకటి రాలుతుండేది. మట్టి, పుల్ల, ఎలుక కొరికిన పీచు. ఒకసారి పాత అయ్యగారు, అంటే మా గుడి పాస్టరు, భోజనానికి వస్తే పప్పుచారు గిన్నెలో బల్లి పడింది. ఆయన మంచివాడు. "ఫర్వాలేదమ్మా, ఆకలి లేదు" అన్నాడు. ఆ రోజు నుంచి నా భార్య నన్ను అడిగింది ఒక్కటే. బంగారం అడగలేదు, పట్టుచీర అడగలేదు.

"సీలింగ్ చేపియ్యి," అంది. "తలెత్తి చూస్తే తెల్లగుండాలె. పైనుంచి ఏం రాలొద్దు. గంతే."

మొత్తానికి పెంకుటిల్లు విప్పి స్లాబు ఇల్లు కట్టాం. స్లాబు నుంచి ఏమీ రాలదు కదా, ఇంకా సీలింగెందుకని నేను వాదించాను.

"స్లాబు కప్పు. సీలింగు ముచ్చట," అంది. "రెండూ ఒకటేనా?"

పీఓపీ సీలింగు వచ్చింది. అంచుల చుట్టూ దాచిపెట్టిన లైట్లు వాటంతటవే నీలం, గులాబీ, ఆకుపచ్చ రంగులు మారతాయి. నడిమధ్యన ఒక పావురం ఉండాలని ఆమె కోరిక. పని చేసేవాళ్ళు ఉత్తరాది పిల్లలు. మా ఆవిడకు హిందీ రాదు. రెండు చేతులూ రెక్కల్లా ఆడించి చూపింది. వాళ్ళు అర్థమైందన్నట్టు తలలూపి చేశారు. రెక్కలు చిన్నవయ్యాయి, పొట్ట పెద్దదైంది. గుడ్డు పెట్టబోయే కోడిలా తయారైంది. ఆ మాట నేను పైకి అన్నాను. రెండు రోజులు నాకు చాయ్ అందలేదు.

అయినా ఆమె సంబరం చూడాలి. మధ్యాహ్నం వంటింటి పని తీరాక హాల్లో చాప వేసుకుని వెల్లకిలా పడుకుని పైకి చూస్తుండేది.

"ఏం చూస్తానవే?" అన్నాను ఒకరోజు.

"ఏం రాల్తలేదు చూడు," అంది.

నాకూ ఒక ముచ్చట ఉండేది. మేడ మీద నాకోసం ఒక షెడ్డు. నీలం రంగు రేకులు, ఇనుప పైపులు తెప్పించి పైన తాటిపత్రి పట్టా కప్పి పెట్టాను. గృహప్రతిష్ఠ అయ్యాక వేయించి, వాలుకుర్చీ, పేపరు, ఇద్దరు ముగ్గురు దోస్తులతో అక్కడే స్థిరపడాలని నా ఆలోచన. ఇంట్లో పిలిచినా వినపడనంత ఎత్తు అది.

ఇది ఇల్లు. ఇక గుడి. మా గుడి పాతది, బెంగుళూరు పెంకల కప్పు. ఆ కప్పు మీద పెత్తనమంతా కోతులది. ఒక పెంక లేపుతాయి, లోపలికి చూస్తాయి, నచ్చకపోతే కింద పడేస్తాయి. ప్రార్థన సాగుతుండగా పైన చిల్లులోంచి ఒక ముఖం తొంగిచూసేది. మేమంతా కళ్ళు మూసుకుని ఉండేవాళ్ళం కాబట్టి, ఎవరు నిద్రపోతున్నారో ఎవరు ప్రార్థిస్తున్నారో దానికొక్కదానికే తెలుసు. వాన పడితే ఆడవాళ్ళ వైపంతా కారేది. ఊళ్ళో అందరికీ ధర్మసాగర్ చెరువు నుంచి నీళ్ళొస్తే మా గుడికి నేరుగా ఆకాశం నుంచే సరఫరా.

సరిగ్గా ఆ కారే చోటే మా వదిన కూర్చుంటుంది. నా భార్యకు సొంత అక్క. రెండు గల్లీల అవతల ఉంటుంది. ఇద్దరూ నర్సంపేటలో పుట్టి పెరిగిన అక్కాచెల్లెళ్ళు, ఆ ఊరి మిర్చి ఘాటు ఇద్దరి నోట్లోనూ ఉంది. జరిగి కూర్చోమంటే ఆమె జరగదు. "నేను ముందునుంచి ఈడనే కూసుంట. నీళ్ళనే జరగమను," అంటుంది. వానాకాలం ఆరాధనలో గొడుగు విప్పుకుని పాటలు పాడేది.

నేను సంఘపెద్దల్లో ఒకణ్ణి. కమిటీ కూర్చున్నప్పుడల్లా కప్పు సంగతి వచ్చేది. వచ్చినప్పుడల్లా నేను దాన్ని నెమ్మదిగా పక్కకు జరిపేవాణ్ణి. వానల్లో, "ఇప్పుడు కప్పు విప్పితే తడిసి సస్తం" అనేవాణ్ణి. చలికాలంలో, "క్రిస్మస్ దగ్గరికొచ్చింది, ఇప్పుడెందుకు" అనేవాణ్ణి. ఎండాకాలంలో, "గా ఎండకు పైకెవడెక్కుతడు" అనేవాణ్ణి. నిజం చెప్పాలంటే నా ఇంటి పని నడుస్తోంది. రెండు కప్పుల కింద నిలబడి మేస్త్రీల మీద అరిచే ఓపిక నాకు లేదు. చాయ్ తాగి, ఇంకా సమయం రాలేదని తీర్మానించి లేచేవాళ్ళం. ఇదే మాట హగ్గయి కాలం జనమూ అన్నారని నాకు అప్పుడు గుర్తు రాలేదు. గుర్తు రావాలంటే ముందు చదివి ఉండాలి.

గృహప్రతిష్ఠకు కార్డులు కొట్టించాలి. మావాళ్ళ కార్డు మీద ఒక వాక్యం ఉండి తీరాలి. ఏ వాక్యమని అందరూ అడిగితే, ఉపవాసముండి ప్రార్థన చేసి హగ్గయి రెండో అధ్యాయంలోంచి ఎంచుకున్నానని చెప్పాను. ఉపవాసం అబద్ధం. ఆ పొద్దున ఇడ్లీ తిన్నాను. ప్రెస్సులో కుర్రవాడు నమూనా కార్డు చూపించాడు, దాని మీద ఆ వాక్యం ముందే ఉంది. మార్చాలంటే ఇంకో రెండు రోజులు తిరగాలన్నాడు. దేవుని చిత్తమనుకుని సరేనన్నాను.

ఆ వాక్యం మీరూ చూసే ఉంటారు. తర్వాత వచ్చే మందిరం మహిమ ముందటి మందిరం మహిమను మించుతుందని దాని అర్థం. వరంగల్లో మావాళ్ళ కొత్త ఇల్లు ఏది చూసినా గుమ్మం పైన టైల్స్ మీద ఇదే ఉంటుంది. పెంకుటింటి కంటే స్లాబు ఇల్లు బాగుంటుందని ప్రవక్తే దగ్గరుండి చెప్పినట్టు మాకు ఉత్సాహం. ఆయన ఏ ఇంటి గురించి మాట్లాడుతున్నాడని మాలో ఎవరమూ అడగలేదు.

ప్రతిష్ఠ రోజు పొద్దున్నుంచీ సన్నగా వాన. గల్లీకి అడ్డంగా షామియానా, ఇంటి వెనక బగారా అన్నం, మటన్ పొయ్యి మీద. అయ్యగారు కొత్తగా వచ్చిన కుర్రాయన. నన్ను "అంకుల్" అంటాడు. "పెద్దలు" అంటే ఆయన సొమ్మేం పోతుందో. రిబ్బను కత్తిరించి, గుమ్మంలో ప్రార్థన చేసి, అందరం హాల్లో జంపఖానాల మీద కూర్చున్నాం. పాట అయింది. ఇక కార్డు మీది వాక్యాన్ని ఇంటి యజమాని బైబిల్లోంచి చదవాలి. ఇది మా దగ్గర ఆనవాయితీ.

అందరూ హగ్గయిని వెతకడం మొదలుపెట్టారు. ఎండుటాకుల మీద మేకలు నడిచినట్టు హాలంతా పేజీల చప్పుడు. ఫోన్లలో చూసేవాళ్ళకు ముందే దొరికాడు. నాకు దొరకలేదు. నా బైబిల్లో ఆ ఆకులు అచ్చువేసిన నాటి నుంచీ ఒకదాన్నొకటి వదల్లేదు. గోటితో గీకుతున్నాను. జనం చూస్తున్నారు. ఈ సంగతి కప్పిపుచ్చడానికి నేను గొంతు సవరించుకుని గొప్పగా అన్నాను.

"ఒక్క వచనమేంది అయ్యగారూ? రెండే అధ్యాయాలు. మొదటి నుంచి సదువుతా. నాకు కంఠతా వచ్చిన పుస్తకం."

అయ్యగారి ముఖం మారింది. "వద్దంకుల్. ఆ ఒక్క వచనం చాలు."

"లేదు లేదు, దేవుని మాట సగం సగం సదవొద్దు."

"అంకుల్, నా మాటినండి," అని కళ్ళు పైకెత్తి సీలింగు వైపు చూపించాడు. దించాడు. మళ్ళీ చూపించాడు. సీలింగు బాగుందంటున్నాడనుకుని నేను నవ్వుతూ తల పంకించాను. నా గొంతు విని ఈర్ష్య పడుతున్నాడని కూడా అనుకున్నాను.

ఆకు విడింది. మొదలుపెట్టాను. దర్యావేషు రాజు రెండో సంవత్సరం. షయల్తీయేలు కుమారుడు జెరుబ్బాబెలు దగ్గర నా పళ్ళసెట్టు ఒకసారి జారింది, నాలుకతో సర్దుకున్నాను. మందిరం కట్టడానికి ఇంకా సమయం రాలేదని జనం అంటున్నారు అన్న చోటికి వచ్చాను. కమిటీవాళ్ళు కూర్చున్న మూల నుంచి ఒక దగ్గు వినిపించింది. ఇంకెవరో మూతికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. నేను నా గొంతు మత్తులో ఉన్నాను, పట్టించుకోలేదు. ఆ తర్వాతి వచనం ఇంకా పెద్దగా చదివాను. నా మందిరం పాడుబడి ఉంటే మీరు సరంబీ వేసుకున్న ఇళ్ళల్లో ఉండటానికి ఇదా సమయం అని దేవుడు అడుగుతాడు.

చదివి ముందుకు పోతున్నాను.

"మరిదీ, జర ఆగు," అంది మా వదిన. "సరంబీ అంటే ఏంది?"

నాకు తెలియదు. కంఠతా వచ్చిన పుస్తకమని ఇప్పుడే చెప్పాను కాబట్టి తెలియదని అనలేను. "అదొక తీరు కట్టె, వదినా," అన్నాను. "లెబానోను నుంచి తెప్పిచ్చేది. శానా ఖరీదు."

"గట్లనా అయ్యగారూ?" అని ఆమె ఆయన్ను అడిగింది.

ఆయన చిన్నవాడు, అబద్ధమాడటం ఇంకా అలవాటు కాలేదు. అందరి ముందూ నన్ను చిన్నబుచ్చడమూ ఇష్టం లేదు. నోరు విప్పకుండా చూపుడువేలు మెల్లగా పైకెత్తాడు.

హాల్లో ఉన్న తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. సరంబీ అంటే సీలింగే. సరిగ్గా అప్పుడే లైట్లు నీలం నుంచి గులాబీకి మారాయి. నడుమ ఉన్న పక్షి నిండుగా మెరిసింది.

"అరె, కోడి!" అన్నారెవరో.

ఇక ఆగలేదు. నవ్వులే నవ్వులు. కమిటీవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. మా వదిన గొడుగు నేలకేసి కొడుతూ నవ్వింది. ముందు చెప్పిన కళ్ళనీళ్ళు ఇవే. ఆ హాల్లో ఏ ముఖమూ పొడిగా లేదు.

నవ్వనిది ఒక్క నా భార్య. వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె కూడా పైకి చూసింది. కానీ వెంటనే తల దించేసింది. ఎన్నో ఏళ్ళు మట్టి రాలింది, బల్లి రాలింది, ఊరుకుంది. ఏదీ రాలకూడదని కట్టించుకున్న సీలింగు నుంచి ప్రతిష్ఠ రోజే నవ్వులు రాలుతున్నాయి, అదీ చుట్టాల ముందు. ఆ తల దించడం నేను చూశాను.

అలాంటప్పుడు బుద్ధున్నవాడు ఊరుకుంటాడు. నేను చేయెత్తి లేచి నిలబడ్డాను.

"దేవుడు నాతోటి మాట్లాడిండు!" అన్నాను. "గుడి కారుతాంటే నాకు సీలింగెందుకు? రేపే పీకిపిస్త! దేవుని సన్నిధిల చెప్తాన!"

"ఆమేన్," అన్నాడు కమిటీలో ఒకాయన, చాలా హుషారుగా.

మా దగ్గర ప్రార్థనలో నిలబడి ఒక మాట అంటే, దానికి ఇంకొకరు ఆమేన్ అంటే, ఇక వెనక్కి తీసుకోవడం కష్టం. నా భార్య చేతిలో గరిటె కిందికి వాలింది. దాని కొసన వేలాడుతున్న మటన్ చారు కొత్త టైల్స్ మీద బొట్లు బొట్లుగా పడుతోంది. ఆమె తుడవలేదు. కొత్త టైల్స్ మీద మరక పడితే తుడవలేదంటే మా ఇంట్లో పరిస్థితి ఏమిటో నాకు అర్థమైంది.

మా వదిన నవ్వు ఆపింది. "ఏం మరిదీ, సీలింగ్ పీకి గుడికి ఏస్తవా? అది పౌడర్. వానకు అంబలైతది."

"అది కాదు వదినా, త్యాగం..."

"అంకుల్," అన్నాడు అయ్యగారు మెల్లగా, "హగ్గయి ఎవరి ఇల్లూ కూలగొట్టమని చెప్పలేదు. గుడి కట్టమన్నడు. రెండూ వేరు వేరు పనులు."

అందరూ నా భార్య వైపు చూశారు. ఆమె గరిటె లోపల పెట్టి వచ్చింది. "అన్నం సల్లారుతాంది," అంది. "ముందు తినుండ్రి. పీకుడు సంగతి తిన్నంక చూద్దాం."

ఆ భోజనం నాకు గొంతు దిగలేదు. రెండోసారి మాత్రమే వడ్డించుకున్నాను.

చేతులు కడుక్కున్నాక ఆమె కమిటీవాళ్ళను, అయ్యగారిని, అక్కను పిలిచింది. "పైకి రండ్రి," అంది. మేడ మెట్లు ఎక్కుతుంటే నాకు అనుమానం మొదలైంది. పైకెళ్ళి ఆమె తాటిపత్రి ఒక మూల పట్టుకుని గుంజింది. నా నీలం రేకులు వాన చినుకుల కింద తళతళమన్నాయి.

"అయ్యగారూ, గివి గుడికి సరిపోతయా?"

"సరిపోవు," అన్నాను నేను. ఎవరూ నన్ను అడగలేదు.

అయ్యగారు అటూ ఇటూ అడుగులేసి కొలిచాడు. "గుడి మొత్తానికి రావమ్మా. ఆడవాళ్ళ వైపు కప్పొచ్చు."

"నీలం రంగు గుడికి మంచిగుండది," అన్నాను. "ఇంకోటి, నీలం చూస్తే కోతులు ఇంక ఎక్కువొస్తయి."

"రానీ," అంది మా వదిన. "జారి పడ్తయి."

"మరి సీలింగ్ సంగతేందమ్మా?" అన్నాడు ఆమేన్ చెప్పిన పెద్దమనిషి. "అన్న దేవుని సన్నిధిల మాటిచ్చిండు గద."

నా భార్య ఆయన వైపు తిరిగింది. "అన్నా, దేవుడు అడిగింది ఆయన గుడికి కప్పు. ఇదిగో కప్పు. నా సీలింగు పీకుమని దేవుడు అడిగిండా? గీయన అన్నడు. దేవుడు అడిగిన దానికి నేను జవాబిస్తాన. గీయన అన్న దానికి గీయననే అడుగు."

ఆయన నా వైపు చూశాడు. నేను కాకతీయుల కోట ఉన్న దిక్కు చూస్తూ ఉండిపోయాను. ఆ దిక్కున మబ్బు తప్ప ఏమీ కనిపించదు, అయినా చూశాను.

అలా ఆమె సీలింగు నిలబడింది. ఇవాళ్టికీ ఉంది. పొట్ట పెద్ద పావురంతో సహా.

గుడి కప్పు పని ఆ వారంలోనే అయింది. పెంకలు దించి, కమ్మీలు వేసి, ఆడవాళ్ళ వైపు నీలం రేకులు బిగించారు. మగవాళ్ళ వైపు పాత పెంకలే. దూరం నుంచి చూస్తే మా గుడి మాసిక వేసిన లుంగీలా ఉంటుంది. కోతులు వచ్చి కూర్చుంటాయి, లేపడానికి పెంక దొరక్క ఒకదాని ముఖం ఒకటి చూసుకుని మగవాళ్ళ వైపు పోతాయి. వదిన తన చోట తాను కూర్చుంటుంది. గొడుగు మాత్రం మానలేదు. ఇప్పుడది పిల్లల్ని పొడవడానికి. వాన గట్టిగా పడితే రేకుల మోతకు ప్రసంగం ఒక్క ముక్క వినపడదు. దీన్ని అదనపు ఆశీర్వాదంగా భావించేవాళ్ళు సంఘంలో కొందరున్నారు. పేర్లు అడగొద్దు, అందులో నేనూ ఉన్నాను.

ఆ తర్వాత నేను హగ్గయిని నిజంగా చదివాను. కార్డు మీది వాక్యం ఎక్కడిదో అప్పుడు తెలిసింది. కొత్తగా లేస్తున్న మందిరం చిన్నగా, పేదగా ఉంది. పాతదాన్ని చూసినవాళ్ళ కళ్ళకు అది అసలు ఆననే లేదు. వాళ్ళకు ధైర్యం చెప్పడానికి ఆయన ఆ మాట అన్నాడు. ఇల్లు గొప్పగా కట్టుకున్నవాళ్ళకు కాదు, గుడి బీదగా కట్టుకుని చిన్నబోయినవాళ్ళకు. మా మాసిక లుంగీ కింద కూర్చుని ఆ ముక్క చదువుతుంటే వాన పడుతోంది. ఆడవాళ్ళ వైపు ఎవరూ తడవలేదు. మహిమ అంటే ఏమిటో నాకు తెలియదు గానీ, పొడిగా ఉండటం అందులో ఒక భాగమేమో అనిపించింది.

ఇదంతా రాసి, నిన్న పొద్దున మా ఆవిడకు చదివి వినిపించాను. అక్కాచెల్లెళ్ళిద్దరూ కూర్చుని పచ్చడికి పండుమిర్చి తొడిమలు తీస్తున్నారు. సీలింగు నిలబడిన చోట ఇద్దరూ నవ్వుకున్నారు. ఉపవాసం అబద్ధమని ఒప్పుకున్న చోట "తెల్సు" అన్నారు. ఆఖర్న నేను ఇలా ముగించాను. "రేకులు నేనే భుజాన మోశానని ఇన్నాళ్ళూ చెప్పింది కొంచెం ఎక్కువ. మోసింది కమిటీవాళ్ళు, ట్రాలీ ఆటోలో వేసుకుపోయారు. కానీ నా షెడ్డును నేను సంతోషంగా, నిండు మనసుతో దేవునికి అర్పించాను."

నా భార్య మిర్చి పక్కన పెట్టింది.

"సంతోషంగ ఇచ్చినవా? ఆటో గల్లీ దాటేదాక నువ్వు బాత్రూంల గడియ పెట్టుకొని కూసున్నవ్. లోపట్నుంచి 'రెండు రేకులన్న ఉంచుండ్రే' అని మొత్తుకున్నవ్. గది రాయి."